జరగని మీటింగుల మినిట్స్

నేను రచయితను కాను. అయినా ఆరేళ్లపాటు కల్పన రాశాను. దానికి మా కాలేజీ నెలనెలా జీతం కూడా ఇచ్చింది.

నా పేరు బాలకిషన్. జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆఫీసు సూపరింటెండెంటును. ఇరవై రెండేళ్ల సర్వీసు. బస్సు పాసు ఫారం దగ్గర్నుంచి టీసీ దాకా నా బల్ల దాటకుండా పోయే కాగితం లేదు. ఆడపిల్లల ఫిర్యాదుల కమిటీ ఫైలు కూడా నాదే. కాలేజీలో ఏ ఆడపిల్ల మీదైనా లైంగిక వేధింపు జరిగితే విచారించి, ఆమెకు అండగా నిలబడడానికి ప్రతిచోటా ఇలాంటి కమిటీ ఒకటి ఉండాలని రూలు. మా కాలేజీకి రూలంటే భక్తి. అందుకని కమిటీ ఉంది. ఫైల్లో ఉంది.

మూడు నెలలకోసారి కమిటీ కూర్చోవాలి. ఎవరూ కూర్చునేవారు కాదు. నేనొక్కణ్నే కూర్చుని మినిట్స్ రాసేవాణ్ని. "చైర్‌పర్సన్ గారు సభ్యులకు స్వాగతం పలికారు. ఈ మూడు నెలల్లో ఫిర్యాదులేవీ రానందుకు సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు." ప్రతిసారీ అదే రాస్తే చూసేవాళ్లకు అనుమానం వస్తుందని ఒకసారి సంతృప్తి, ఒకసారి హర్షం, ఒకసారి ఆనందం అని మార్చేవాణ్ని. ఒక మీటింగులో సభ్యుల మధ్య సీసీ కెమెరాల గురించి చిన్న వాదన కూడా పెట్టాను. ప్రిన్సిపాల్ ప్రేమ్‌సాగర్ సార్ అది చదివి, "మస్తు నేచురల్‌గ ఉన్నదయ్యా" అని మెచ్చుకున్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

కమిటీలో ముగ్గురు విద్యార్థినులు ఉండాలి. ఉన్నారు. ముగ్గురూ ఎప్పుడో పాసై వెళ్లిపోయారు, ఒకామెకు పెళ్లై కొడుకు అంగన్‌వాడీకి పోతున్నాడు. మా ఫైల్లో మాత్రం ఇంకా సెకండియరే. బయటి నుంచి ఒక సభ్యురాలు కూడా ఉండాలి, ఆడవాళ్ల కోసం పనిచేసే మనిషి అయి ఉండాలి. ఎవరిని తెద్దామా అని చూస్తుంటే మా అటెండర్ లక్ష్మవ్వ తన వదిన పేరు చెప్పింది. ఆమె రాయికల్‌లో బీడీలు చుడుతుంది, మహిళా సంఘానికి అధ్యక్షురాలు. పేరు శంకరవ్వ. ఆరేళ్ల కింద ఒక సంత రోజున పోయి ఒప్పుకోలు కాగితం మీద ఒకే ఒక్క సంతకం తెచ్చుకున్నాను.

"మీటింగు ఎప్పుడు సారూ?" అని ఆమె అడిగింది.

"ఉన్నప్పుడు పిలుస్తమక్కా" అన్నాను.

మీటింగు ఎప్పుడూ లేదు కాబట్టి నేను మాట తప్పినట్టు కాదు. ఆ తర్వాత ఆమె సంతకాలన్నీ నేనే పెట్టాను. 'శ' కొంచెం వణుకుతుంది, 'వ్వ' కిందికి జారుతుంది. రెండు మూడు మీటింగులయ్యేసరికి నా చెయ్యి కుదిరింది.

ఇంతటి పకడ్బందీ ఫైలుకు నేనే ఒక చిల్లు పెట్టాను. ఈ ఏడాది ఇన్‌స్పెక్షన్ టీం వస్తున్నదని, కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ రాసిన ఫ్లెక్సీ ఒకటి మెట్ల దగ్గర కట్టించమన్నారు సార్. కట్టించాను. ప్రిన్సిపాల్ గారిది ఆఫీసు ల్యాండ్‌లైన్. చైర్‌పర్సన్ శ్రీలత మేడం తెలియని నంబర్లు ఎత్తరు. శంకరవ్వది మాత్రం ఒప్పుకోలు కాగితం మీదున్న అసలు నంబరే వేశాను. ఫ్లెక్సీలో ఉన్నది ఎవడు చదువుతాడు? మా కాలేజీలో ఫ్లెక్సీలు చదవడానికి కావు, ఫొటోలు తీసి పైకి పంపడానికి.

ప్రణీత చదివింది.

ప్రణీతది సిరిసిల్ల. తండ్రి రాజమల్లు పవర్‌లూమ్ మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, పనిచేస్తాడు. మా కాలేజీ హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫైనలియర్ చదువుతోంది. ఒక సోమవారం పొద్దున నా బల్ల ముందుకు వచ్చి రెండు పేజీల కాగితం పెట్టింది. నేను మామూలుగా బోనఫైడ్ అనుకుని చేతికి తీసుకున్నాను. మొదటి నాలుగు లైన్లు చదివి ఆఫీసు తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

శనివారం మధ్యాహ్నం కెమిస్ట్రీ రికార్డు మీద సంతకం కోసం ల్యాబ్‌కు వెళ్లిందట. భూమేశ్ సార్ రికార్డు స్టోర్ రూంలో ఉందని లోపలికి పిలిచి తలుపు గొళ్లెం పెట్టాడట. ఏం చేశాడో ఆ పిల్ల సూటిగా రాసింది. నేను ఇక్కడ మళ్లీ రాయను, అది ఆమె రాసుకున్న కాగితం. చెయ్యి కొరికి, గొళ్లెం తీసుకుని బయటపడింది. చివరి పేరా ఇది: "గురువారం మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. ఇంటర్నల్ ఎగ్జామినర్ భూమేశ్ సార్. నేను ఆ ల్యాబ్‌లో ఆయన ముందు పరీక్ష రాయలేను. రాయకపోతే నా డిగ్రీ పోతుంది. దయచేసి గురువారం లోపల ఏదైనా చేయండి."

భూమేశ్ సార్ సరస్వతీ పూజకు పూలు తెచ్చే మనిషి. రక్తదాన శిబిరంలో ముందు పడుకునే మనిషి. నాకు మొదట వచ్చిన ఆలోచన, ఛ, ఆయనా అని. రెండో ఆలోచన, శుక్రవారం టీం వస్తోంది కదా అని. ఆ పిల్ల గురించిన ఆలోచన మూడోది. అబద్ధమాడి లాభం లేదు, ఆ వరసలోనే వచ్చాయి.

"గిట్ల ఒక్క కాపీ నడువదమ్మా. ఆరు కాపీలు గావాలె. రూలు గట్లున్నది" అన్నాను.

రూలు నిజంగానే అలా ఉంది. మా కాలేజీలో ఆ చట్టంలో అమలైన మొదటి వాక్యం అదే.

ఆ పిల్ల నన్ను ఒక క్షణం చూసి, కాగితం తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ వచ్చింది. ఆరు కాపీలు. ఆరూ చేత్తో రాసినవి.

"జిరాక్స్ తీపిస్తె అయిపోతుండె గదమ్మా?"

"గేటు ముందటి జిరాక్స్ షాపు అన్న మన కాలేజీలనే చదివిండు సార్. భూమేశ్ సార్ దోస్తు. చదువుతడు" అంది. మధ్యవేలు పక్కన పెన్ను ఒత్తుకుని ఎర్రగా కమిలి ఉంది.

నేను గుమాస్తాను కదా. ఆరు కాపీలూ పక్కపక్కన పెట్టి సరిచూశాను. కామాతో సహా ఒకటే. ఒక్కచోట తేడా. మొదటి ఐదింటిలో 'భూమేశ్ సార్' అని ఉంది. ఆరోదానిలో ఉత్త 'భూమేశ్'.

"గీడ సార్ పోయిందమ్మా, చేర్చు" అన్నాను.

"రాసి రాసి పోయింది సార్. ఇగ చేర్చ" అంది. చేర్చలేదు. నేనూ రెండోసారి చెప్పలేదు.

ప్రిన్సిపాల్ సార్ ఆ కాపీ చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "శుక్రవారం టీం వస్తున్నది బాలకిషన్. గీ లొల్లి గిప్పుడేనా?" అని, లొల్లి వాయిదా పడుతుందేమో అన్నట్టు క్యాలెండర్ వైపు చూశారు. తర్వాత శ్రీలత మేడంను పిలిపించారు. ఆమె మా కామర్స్ లెక్చరర్. ఆరేళ్లుగా కమిటీకి చైర్‌పర్సన్.

"నేనా? నేను చైర్‌పర్సన్‌నా? ఎప్పటి సంది?" అన్నారు మేడం.

ఫైలు చూపించాను. ఆమె సంతకాలు ఆమెవే. అడ్మిషన్ల టైంలో పెట్టించుకునే కట్టలో కలిపి తెచ్చేవాణ్ని, ఆమె క్లాసుకు పోతూ పోతూ పెట్టేవారు. మేడం ఒక్కో పేజీ తిప్పి, "నేను చాలా మీటింగులు పెట్టిన్నే" అన్నారు నీరసంగా.

మంగళవారం ప్రణీతను పిలిచి సహాయం చేయడం మొదలుపెట్టాం. మా కాలేజీకి దయ ఎక్కువ. సార్ ఆ పిల్లను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఒక్కో సహాయం వివరించారు. కౌన్సెలింగ్ ఇప్పిస్తామన్నారు. కౌన్సెలర్ ఎవరంటే శ్రీలత మేడమే, రెండేళ్ల కింద కరీంనగర్‌లో ఒక పూట ట్రైనింగు అయింది. నెల రోజులు ఇంటికి పోయి రెస్టు తీసుకోమన్నారు, అటెండెన్స్ తాము చూసుకుంటామన్నారు. ఇవేవీ నచ్చకపోతే మన కోరుట్ల బ్రాంచి ఉంది, రేపే అక్కడికి మార్చేస్తాం, గురువారం పరీక్ష అక్కడే రాసుకోవచ్చు, అక్కడే హాస్టలు, నీకూ సేఫ్టీ, ఎవరికీ తెలియదు అన్నారు.

"భూమేశ్ సార్ ఏడ ఉంటడు సార్ మరి?" అని అడిగింది ప్రణీత.

"ఆయన ఇక్కడనే ఉంటడమ్మా. అందుకే కద నిన్ను అక్కడికి పంపేది" అన్నారు సార్. ఎంత విడమరిచి చెప్పినా అర్థం చేసుకోదేమిటి అన్నట్టు నా వైపు చూశారు.

ఆ పిల్ల తల వంచుకుని తన వేలు చూసుకుంటోంది. సార్ గొంతు ఇంకా మెత్తబడింది. "మీ నాయిన సాంచెల కాడ పొద్దంత నిలబడి నిన్ను సదివిస్తున్నడు. నువ్వు ఊ అంటె ఆయనకు ఫోన్ చేస్త. ఆయననే పిలిపించి అన్ని చెప్త. చెయ్యాల్నా?"

అది బెదిరింపు అని పైకి ఎవరూ అనలేరు. మాటల్లో దయ తప్ప ఇంకేమీ లేదు. ఆ పిల్ల లేచి నిలబడి, "నాయినకు నేనే చెప్పుకుంట సార్. కమిటీ మీటింగు పెట్టుండ్రి. బయటి మెంబర్ అస్తనన్నది" అంది.

"ఏ మెంబర్?" అన్నారు సార్.

"శంకరవ్వ. రాయికల్."

ఆదివారం ప్రణీత ఫ్లెక్సీలో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసిందట. ల్యాండ్‌లైన్ మోగి మోగి ఆగింది. శ్రీలత మేడం ఎత్తలేదు. శంకరవ్వ ఒక్కతే ఎత్తింది. ముందు రాంగ్ నంబర్ అనుకుందట, తర్వాత ఎప్పుడో ఒక సారు వచ్చి పేరు రాసుకుపోయిన సంగతి గుర్తొచ్చిందట. గంటసేపు విన్నదట. "కాయిదం ఇయ్యి బిడ్డా. మీటింగు పెట్టమను. ఏ పొద్దంటె గా పొద్దు నేనత్త" అన్నదట. ఆరేళ్ల నా కల్పనలో ఒక పాత్ర లేచి బస్సెక్కి వస్తానంటే నాకెలా ఉండాలి?

బుధవారం పదకొండింటికి శంకరవ్వ వచ్చింది. యాభై ఐదేళ్లు ఉంటాయి. ఇస్త్రీ చీర, చేతిలో గుడ్డసంచి, వేళ్లకు పొగాకు వాసన. ప్రిన్సిపాల్ గది చూసి జంకుతుందని మేమందరం ఎదురుచూశాం. ఆమె చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, ప్రణీత పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

సార్ గొంతు సవరించుకుని, "అమ్మా, విషయం ఏందంటే..." అని మొదలుపెట్టారు.

"ఆగుండ్రి సారూ. పుస్తకం తెరువకుంట ముచ్చట్లేంది?" అంది శంకరవ్వ. "మా సంఘంల ముందుగాల పోయిన మీటింగు తీర్మానం సదువాలె. అందరు విని అవునంటెనే కొత్త ముచ్చట. పుస్తకం ఏదీ?"

మా కాలేజీలో ఏ కమిటీ కూడా పాత మినిట్స్ చదువుకోదు. యాజమాన్యం మీటింగులో కూడా "చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది" అని ఒక చక్కటి వాక్యం రాసుకుంటాం. రాయికల్ బీడీ కార్మికుల సంఘంలో ఆ వాక్యం ఇంకా రాలేదట. పుస్తకం నా చేతిలోనే ఉంది. సార్ కళ్లతోనే వద్దన్నారు. శంకరవ్వ కళ్లతోనే చదవమంది. ఆమె నాకు దగ్గరగా కూర్చుని ఉంది.

చదివాను. చైర్‌పర్సన్ స్వాగతం పలికారు. ఫిర్యాదులు రానందుకు సభ్యులు హర్షం వ్యక్తం చేశారు. ఇక్కడిదాకా ఫరవాలేదు. తర్వాతి లైను నా కళ్లకు ముందే కనబడింది గానీ నోరు ఆగలేదు. "బయటి సభ్యురాలు శ్రీమతి శంకరవ్వ గారు మాట్లాడుతూ, ఈ కళాశాలలో విద్యార్థినులు కన్నవారి ఇంట్లో ఉన్నంత భద్రంగా ఉన్నారని, తాను స్వయంగా హాస్టల్ సందర్శించి వారితో ముచ్చటించి తెలుసుకున్నానని తెలియజేశారు."

ప్రణీత తల తిప్పి శంకరవ్వను చూసింది. ఆ చూపులో అనుమానం ఉంది. ఈమె కూడా వీళ్ల మనిషేనా అన్న అనుమానం. అది చూసి శంకరవ్వ ముఖం నల్లబడింది.

"నేనెప్పుడన్న సారూ గా మాట? నేను గీ కాలేజీ గేటు సూసుడు ఇయ్యాల్నే మొదలు" అంది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తన సంతకం మీద వేలు పెట్టింది. ఇంకో పేజీ తిప్పింది. ఇంకో పేజీ. "అన్నిట్ల నా పేరే ఉన్నది. ఎవలు బెట్టిన్రు?"

ప్రిన్సిపాల్ సార్ కిటికీలోంచి గ్రౌండు చూస్తున్నారు. శ్రీలత మేడం సెల్‌ఫోన్‌లో ఏదో అత్యవసరం వెతుకుతున్నారు. ఇద్దరూ మంచివాళ్లే, నా పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా చేశారు.

"నేనే అక్కా" అన్నాను.

ధైర్యం వచ్చి అనలేదు. ఆ పిల్ల నన్నే చూస్తోంది, ఇక ఎటు చూడాలో తెలియక అన్నాను.

శంకరవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నా పేరు నేను రాసుకునుడు నేర్సుటానికి ఆర్నెల్లు వట్టింది సారూ నాకు" అంది. "నలభై ఏండ్లు దాటినంక, సంఘంల నేర్సుకున్న. బీడీలు సుట్టిన చేతికి పెన్ను ఆగకపోతుండె. నేర్సినంక మా ఆయిన బొంబాయిల పనికాడ ఉంటె, ఉత్తరం మీద ఒక్క సంతకం బెట్టి పంపిన, గంతే, ఇంకేం రాయలే. నువ్వు గా పేరు దీసి, గీ ఆడివిల్లలకు ఏం కష్టం లేదని రాసినవా?"

నాకు సిగ్గేసింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితాల మీద ఎన్నో చేశాను గానీ, కాగితం అవతల ఒక మనిషి ఉంటుందని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

సార్ తేరుకున్నారు. "అయిందేదో అయిందమ్మా. ఇప్పుడు మన పిల్ల సేఫ్టీ ముఖ్యం. ఈమెను కోరుట్ల బ్రాంచికి మారుస్తున్నం. బాలకిషన్, రాస్కో."

"పిల్ల ఎందుకు పోవాలె?" అంది శంకరవ్వ.

"గురువారం పరీక్ష ఉన్నది కదమ్మా. అక్కడ వేరే ఎగ్జామినర్ ఉంటడు."

"గా ఎగ్జామినర్‌నే గీడికి పిలువుండ్రి. కోరుట్ల బస్సు రెండు దిక్కుల నడుస్తది గద?"

పదిహేనేళ్లు ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషికి బస్సు వెనక్కి కూడా వస్తుందని ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రొసీజర్ అన్నారు, యూనివర్సిటీ పర్మిషన్ అన్నారు, టైం లేదన్నారు. పిల్లను మార్చడానికి ఇవేవీ అడ్డం రాలేదు గానీ సారును మార్చడానికి అన్నీ వచ్చాయి. చివరికి, "మీరు సంతకం పెట్టకపోయినా ఏం కాదమ్మా, అది మేం చూసుకుంటం" అన్నారు.

అన్నాక నాలుక కరుచుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది.

"సూస్కుంటనే ఉన్నరు గద ఆరేండ్ల సంది" అంది శంకరవ్వ. నా వైపు తిరిగింది. "రాయి సారూ. ఇయ్యాల జరిగింది జరిగినట్టు రాయి. రాసినంక సదువు. పిల్ల వినాలె. పిల్ల అవునంటెనే నేను సంతకం బెడుత."

రాయడానికి కూర్చుంటే పెన్ను కదల్లేదు. జరగనిది రాయడం అలవాటైన చేతికి జరిగింది రాయడం ఇంత కష్టమని తెలియదు. మెల్లగా రాశాను. ఇంతకుముందు రాసిన ఇరవై నాలుగు సమావేశాలూ జరగలేదు. బయటి సభ్యురాలి సంతకాలు సూపరింటెండెంటు బాలకిషన్ చేశాడు. సోమవారం ఒక విద్యార్థిని ఫిర్యాదు అందింది. విచారణ పూర్తయ్యేవరకు ఆ లెక్చరర్ కాలేజీకి రాకూడదు. గురువారం పరీక్షకు కోరుట్ల నుంచి ఎగ్జామినర్ రావాలి. విద్యార్థిని ఇక్కడే చదువుతుంది, హాస్టల్లోనే ఉంటుంది.

"మొదటి రెండు పాయింట్లు అవసరమా బాలకిషన్?" అన్నారు సార్.

నేను మొదటి పాయింటు నుంచే చదివాను. పైకి, గట్టిగా. చదవడం అయ్యాక ప్రణీత, "అవును" అంది. శంకరవ్వ పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ సంతకం పెట్టింది. నేను ఇన్నేళ్లూ పెట్టినదానికి దానికి పోలికే లేదు, ఇప్పుడు ఆమె చెయ్యి వణకడం లేదు. ఆమె తర్వాత శ్రీలత మేడం పుస్తకం తన వైపు లాక్కుని, మొదటిసారి మొత్తం చదివి, సంతకం పెట్టారు. "నేను పెట్టిన మీటింగు" అన్నారు, తనలో తానే.

తీర్మానం శుక్రవారం టీం కంట పడుతుందని సార్ ఫోన్ చేస్తే, గురువారం కోరుట్ల నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. బస్సు నిజంగానే ఇటు కూడా నడుస్తోంది. శంకరవ్వ ఎవరూ పిలవకుండానే మళ్లీ వచ్చింది. వాచ్‌మన్ గంగారాం గేటు దగ్గర ఆపితే, మెట్ల దగ్గరికి తీసుకుపోయి ఫ్లెక్సీలో తన పేరు చూపించిందట. మూడు గంటలు ల్యాబ్ ముందు బెంచీ మీద కూర్చుంది. భూమేశ్ సార్ రాలేదు. అనారోగ్య కారణాల వల్ల సెలవు అని కాగితం పంపాడు. చేతికి కట్టు ఉందని ఎవరో చెప్పారు. ప్రణీత పరీక్ష రాసి బయటికి వచ్చి, శంకరవ్వ ఇచ్చిన నీళ్ల సీసా మొత్తం తాగింది.

ఇక శుక్రవారం. కాలేజీ కమిటీ తీర్మానాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంది. తీర్మానం అందిన రెండు రోజుల్లోనే తప్పు చేసినవాడి మీద చర్య తీసుకుంది. నన్ను సస్పెండ్ చేసింది.

విచారణ లేకుండా చర్య ఎలా అంటారా? నేను రాతపూర్వకంగా ఒప్పుకున్నాను కదా. భూమేశ్ సార్ ఒప్పుకోలేదు, కాబట్టి ఆయనది విచారణలో ఉంది, దానికి తొంభై రోజుల టైముంది. సస్పెన్షన్ ఆర్డరు టైపు చేయడానికి ఆఫీసులో ఫార్మాటు తెలిసినవాడు నేనొక్కణ్నే కాబట్టి, సార్ నన్నే పిలిచి డిక్టేట్ చేశారు. మధ్యలో రెండు తప్పులు దొర్లితే నేనే సరిచేశాను. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని కింద రాయమన్నారు. రాసి, ఆఫీసు కాపీ ఫైల్లో పెట్టి, నా కాపీ నేను అందుకున్నట్టు సంతకం చేశాను. అది నా సొంత సంతకమే.

మధ్యాహ్నం టీంకు ఆ ఆర్డరే చూపించారు. ఆడపిల్లల భద్రత విషయంలో తమ కాలేజీ ఎవరినీ ఉపేక్షించదని సార్ అంటుంటే పక్క గదిలోకి వినబడింది. లోపల చప్పట్లు కూడా వినబడ్డాయి.

సాయంత్రం టిఫిన్ బాక్సు సంచిలో వేసుకుని బయటికి వచ్చాను. నిజం చెప్పాలంటే నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది. ఒక ఆడపిల్ల కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మనిషిని కదా. గేటు దగ్గర ప్రణీత నిలబడి ఉంది. థాంక్స్ చెప్పడానికే అనుకున్నాను. పర్వాలేదమ్మా అనడానికి నోరు సిద్ధం చేసుకున్నాను.

"సార్, ఒకటి అడగాల్నా?" అంది.

"అడుగు బిడ్డా."

"రెండేండ్ల కింద మా సీనియర్ ఒకామె మీ దగ్గరికి కాయితం పట్టుకొని వచ్చింది సార్. ఆమెది గూడ సిరిసిల్లనే, మా గల్లీనే. ఆమెకు గూడ గా స్టోర్ రూంలనే అయింది. ఆరు కాపీలు తెమ్మన్నరట మీరు." ఆగింది. "జిరాక్స్ షాపు దాక పోయిందట. ఆడ నిలబడి, నిలబడి, హాస్టల్‌కు పోయి సామాను సదురుకున్నదట. మళ్ల కాలేజీకి రాలే. అందుకే నేను ముందుగాల ఫోన్లు చేసిన సార్. ఆఫీసుకు పోతె లాభం లేదని ఆమెనే చెప్పింది."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చాలా ప్రయత్నించాను. ఒక్క ముఖం గుర్తుకు రాలేదు. రోజుకు నలభై మంది వస్తారు, కాగితం తెస్తారు, అందులో ఏదో ఒకటి తక్కువ ఉందని చెబుతాను, పోతారు. మళ్లీ రానివాళ్లు ఎందుకు రాలేదని ఎప్పుడూ అడగలేదు. అడగాలని రూలు లేదు. గేటు పక్కన దిమ్మె మీద కూర్చున్నాను.

"ఆమె గిప్పుడు ఏం చేస్తున్నది?" అన్నాను.

"కుట్టు మిషన్ మీద కూసుంటున్నది సార్. డిగ్రీ ఆగిపోయింది."

సంచిలోంచి సస్పెన్షన్ ఆర్డరు తీశాను. "దీనికి జవాబు ఇయ్యాలె నేను. గా జవాబుల ఆమె సంగతి గూడ రాస్త. నేను చేసిన తప్పు గీ కాయితంల సగమే ఉన్నది. భూమేశ్ విచారణల గూడ పనికస్తది. ఆమె పేరు చెప్పు బిడ్డా, రాసుకుంట." జేబులోంచి పెన్ను కూడా తీశాను.

ప్రణీత పెన్ను వైపు చూసింది.

"ఆమెనడుగుత సార్. ఆమె సరేనంటె చెప్త. వద్దంటె చెప్ప. గప్పటిదాక మీరు ఆగుండ్రి."

హాస్టల్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను పెన్ను మూత పెట్టుకున్నాను. నా బల్ల ముందు నిలబడ్డ పిల్లల్ని ఇరవై రెండేళ్లు ఆగమన్నాను, ఎంతసేపు అని ఎవరైనా అడిగితే కసురుకున్నాను. జవాబు ఇవ్వడానికి నాకు సోమవారం దాకా గడువుంది. ఆ కుట్టు మిషన్ పిల్ల సరేనంటుందో, అసలు నా పేరు వినడానికైనా ఒప్పుకుంటుందో నాకు తెలియదు.